కదలని లక్ష్మి

"బోణీ కాకముందు నీళ్లడగబాక రాణీ" అన్నాడు ప్రసన్నకుమార్, భార్యను గద్దె మీదికి చేరవేస్తూ.

ప్రమీలారాణి అడగలేదు. నాలుకతో పెదాలు తడుపుకుంది, అంతే. దానికే ఆ మాట వచ్చింది.

ఆత్మకూరు బజార్లో వాళ్ల కిరాణా అంగడి షట్టరు అప్పటికి మోకాటి ఎత్తే లేచి ఉంది. అది పూర్తిగా పైకి పోకముందే ఈ పని అయిపోవాలి. చంకల కింద చేతులు పెట్టి మొగుడు, మోకాళ్ల కింద చేతులు పెట్టి గుమాస్తా మాధవ్, ఇద్దరూ ఆమెను వెనకింట్లో నుంచి మోసుకొచ్చి నడుమెత్తున్న చెక్క గద్దె మీద దించుతారు. మాధవ్ మంచివాడే. మోసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటాడు. కాపురానికొచ్చిన కొత్తలో ఈ మాధవ్‌కే ఒకసారి తన చేత్తో మంచినీళ్లిచ్చిందని అత్తగారు సీతమ్మ రెండు పూటలు అన్నం పెట్టకుండా సాధించింది. ఇప్పుడు అదే గుమాస్తా చేతులు రోజూ కోడలి తొడల కింద ఉంటే అత్తగారికి పట్టదు. అంగడికి మేలు జరిగే పనైతే మర్యాదను మడిచి పక్కన పెట్టడం ఆమెకు బాగా తెలుసు.

సీతమ్మ వచ్చి, కోడలి కాళ్లను ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని, చాప మడిచినట్టు మడిచి బాసింపట్టు వేయించింది. వీపు వెనక బాలీసు తోసింది. చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాగి కప్పింది. తర్వాత గల్లాపెట్టెకు హారతిచ్చి, ఆ పళ్లేన్నే కోడలి మొహం ముందు తిప్పింది. అప్పుడు షట్టరు లేచింది.

ప్రమీలారాణికి నడుము దగ్గర వెన్నుపూస విరిగింది. అక్కణ్ణుంచి కిందికి ఒళ్లు ఉంటుంది గానీ తెలియదు. మూత్రం వచ్చేదీ తెలియదు. వేళకు పైపు పెట్టుకుని తనే తీసుకోవాలి. ఆ విద్య ఆస్పత్రిలో నేర్పారు. చక్రాల కుర్చీ కూడా వాళ్లే ఇప్పించారు. కుర్చీ ఇంటికొచ్చిన రోజునే సీతమ్మ దాన్ని మెట్ల కిందికి తోయించి పాత దుప్పటి కప్పింది.

మొదట్లో ఆమెను వెనకగదిలోనే ఉంచారు. అంగడి తెరిచే వేళకు ఆమె మొహం ఎదురుకాకూడదని గది తలుపు దగ్గరకు వేసేవాళ్లు. ఒకరోజు ప్రసన్నకుమార్ నెల్లూరు పోయి రావడం ఆలస్యమై, గల్లా దగ్గర కూర్చునే దిక్కులేక, సీతమ్మే మాధవ్‌ను పిలిచి కోడల్ని గద్దె మీద పెట్టించింది. ఉదయగిరి నుంచి పెళ్లివాళ్లొచ్చి, పెళ్లి సరుకంతా ఆ ఒక్క అంగట్లోనే కట్టించుకుని పోయారు. శని లక్ష్మి కావడానికి ఒక పెళ్లి సరుకు చాలింది. ఆ మర్నాటి నుంచి బోణీ ఆమె చేతుల మీదుగానే జరగాలి. ఆమె కూర్చుంటే గిరాకీ నిలుస్తుంది. లేస్తే పోతుంది.

ప్రమీలారాణి అడిగేది ఒక్కటే. మొగుడికి ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే లెక్కలేదు. "నా కుర్చీలోనే కూర్చుంటానండీ. గల్లాపెట్టె కింద బల్ల మీద పెట్టండి. వెనక వాకిలి గడప తీయించినారంటే బాత్రూంకి నేనే పోయొస్తా. మీరు మోసే పనుండదు, మాధవ్ మోసే పనుండదు."

ప్రతిసారీ జవాబు అత్తగారే చెప్పేది. "లక్ష్మి అన్నాక కుదురుగా కూర్చోవాల. చక్రాల మీద కూర్చుంటే దొర్లిపోతాది. ఎక్కడన్నా చూసినావా ఏ పటంలోనన్నా, చక్రాల మీద లక్ష్మిని?"

"అమ్మ చాదస్తంలే" అని నవ్వేవాడు ప్రసన్నకుమార్. నవ్వి, కుర్చీ మీది దుప్పటి జారిపోయి ఉంటే సర్దేవాడు.

గద్దె మీద ఉన్నంతసేపూ కిందికి దిగే వీల్లేదు. దిగాలంటే ఇద్దరు మగవాళ్లు నలుగురి ఎదుట ఎత్తి దించాలి. అలా దించితే ఆమె కాళ్లు పడిపోయిన గుట్టు గిరాకీ వాళ్లకు బయటపడుతుంది. అందుకని ఆమె పొద్దున్నుంచి మధ్యాహ్నం అంగడి మూసేదాకా చుక్క నీరు తాగదు. ఎదురుగా బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయల ఘాటు. వేసవిలో కూడా అంతే. మూత్రంలో చీముపట్టి జ్వరం వచ్చినప్పుడు నెల్లూరులో డాక్టరు ఆమె మీద అరిచాడు. "నీళ్లు తాగమంటే అర్థం కాదా? నీ ప్రాణం మీద నీకే తీపి లేకపోతే మేమేం చేయగలం?" పక్కన నిలబడి మొగుడు తల ఊపుతూ, "ఎంత చెప్పినా వినదు సార్. చిన్నపిల్ల మాదిరి మొండికేస్తాది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో అబద్ధం ఆనవాలు వెతికింది ప్రమీలారాణి. లేదు. నిజంగానే అనుకుంటున్నాడు. అదే ఆమెను జ్వరం కన్నా ఎక్కువ కాల్చింది.

ఆ పొద్దున బోణీ సీతారామపురం నుంచి వచ్చిన వరదమ్మది. దూరపు ఊరు, బస్సులు తక్కువ. తెల్లారే బయల్దేరి వస్తుంది ముసలామె. సరుకులు కట్టించుకుని, డబ్బు ప్రమీలారాణి చేతిలోనే పెట్టి, గద్దెకు దండం పెట్టుకుంది.

"నిన్ను చూస్తే కడుపు నిండిపోతాది శెట్టెమ్మా. కదలకుండా మెదలకుండా, గుళ్లో అమ్మోరి మాదిరి కూర్చోనుంటావు. మా కోడలుండాది, నిమిషం కుదురుండదు."

"కుదురు నేర్పించేదానికి మా అత్తను పంపిస్తాలే అవ్వా" అంది ప్రమీలారాణి, చిల్లర లెక్కపెడుతూ. వరదమ్మ పగలబడి నవ్వింది. ప్రసన్నకుమార్ నవ్వలేదు.

అప్పుడొచ్చింది ఆ పిల్ల. భుజాన సంచి, మెడలో గుర్తింపు కార్డు. గద్దె మీద ఆమెను చూసి నవ్వింది గానీ, అడగడం మాత్రం మగమనిషినే అడిగింది.

"నమస్తే సార్. నా పేరు అశ్విత. మాది కొండాపురం. నెల్లూరులో ఫిజియోథెరపీ చదువుతుండా. వెన్నుపూస దెబ్బతిన్నోళ్ల మీద సర్వే చేస్తుండామండీ. వాళ్ల బతుకులు ఎట్టా ఉండాయో తెలుసుకునేదానికి. ఈ ఇంట్లో ప్రమీలారాణి గారని ఒకామె ఉందని ఆస్పత్రిలో చెప్పినారు."

ప్రసన్నకుమార్ మొహం ఒక్క క్షణం మారింది. "ఆమె లోపలుంటాదమ్మా. మధ్యాహ్నం అంగడి కట్టేసినాక పక్క సందులో నుంచి రా."

"ఎవురు శెట్టీ, నడుం దెబ్బతిన్నామె?" అంది వరదమ్మ. "మీ ఇంట్లో అట్టాంటోళ్లు ఎవురుండారు?"

"మా చిన్నమ్మ వరసామెలే అవ్వా. నువ్వు బస్సు చూసుకో."

ప్రమీలారాణి చేతిలో చిల్లర అలాగే ఉంది. ఆమె తలెత్తలేదు. లోపలుంటాది. చిన్నమ్మ వరసామె. తన మొగుడు తన ఎదుటే, తనకు మూరెడు దూరంలో నిలబడి, తనను వేరే మనిషిని చేసి లోపలికి పంపేశాడు. తడుముకోలేదు కూడా. పప్పులో రాయి ఏరి పారేసినంత తేలిగ్గా అనేశాడు. ఇక్కడ కూర్చున్నది ఎవరు మరి? కాళ్లున్న ఆడమనిషి ఒకతె, అందరికీ కనిపించేది. లోపల పడివున్నది ఎవరు? పైపు పెట్టుకునేది, పుండుకు కట్టు కట్టుకునేది, దాహమేసేది. ఇన్నాళ్లూ ఆ ఇద్దరినీ తనే మోస్తూ వచ్చింది. ఈ చెక్క మీద గంటల తరబడి కూర్చుని పిరుదు కింద పుండు పడితే అది లోపలామెది. పండగ గిరాకీ బాగుందని మెచ్చుకుంటే అది గద్దె మీది ఆమెది. ఒకసారి అగరొత్తి నిప్పు రాలి చీర కుచ్చిళ్లలో పాదం కాలింది. తనకు తెలియలేదు. వాసనొచ్చి గిరాకీ వాళ్లెవరో "ఏందో కమురు వాసనొస్తుండాది" అంటే, మొగుడు అగరొత్తి తీసి చీర దులిపి, "ఏం లేదులే, గుడ్డ" అన్నాడు. ఆ రోజు కూడా మూసేవేళకు గాని దించలేదు.

మధ్యాహ్నం దించాక చెంబెడు నీళ్లు ఆపకుండా తాగింది. మంచం మీద కూర్చుని ఉండగా సందు వాకిలి నుంచి అశ్విత వచ్చింది. వస్తూనే ఆగిపోయింది.

"పొద్దున గల్లా దగ్గర కూర్చోనుండింది మీరే గదా?"

"ఆమేలే. కూర్చో పాపా, కాఫీ తాగుతావా?" అంది సీతమ్మ.

ప్రసన్నకుమార్ కుర్చీ లాక్కుని మంచానికీ ఆ పిల్లకూ మధ్య కూర్చున్నాడు. అశ్విత ఫోను తీసింది. ప్రతి ప్రశ్నకూ ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒకటి చెప్పాలనీ, ఒకటంటే అసలు బాగాలేదని, ఐదంటే చాలా బాగుందని వివరించింది.

"మొత్తం మీద మీ బతుకు ఎట్టా ఉందనిపిస్తుంది మేడం?"

"అయిదు" అన్నాడు ప్రసన్నకుమార్.

"ఆమె చెప్పాల సార్."

"ఆమె చెప్పినా అదే. మేమేమన్నా వేరే వేరేనా? వేసుకో."

"దెబ్బ ఎట్టా తగిలింది?"

"బాత్రూంలో జారింది."

"ఏదన్నా పని చేస్తారా?"

"పనేముండాది? ఊరికే అంగట్లో కూర్చుంటాది. పొద్దుపోవాల గదా."

"ఎక్కడికన్నా పోవాలనిపిస్తే పోగలరా?"

"ఎత్తుకొని పోతాం. కాలు కింద పెట్టనీయం" అన్నాడు. ఆ మాటలో ఏముందో ఆయనకు తట్టలేదు.

సీతమ్మ అందుకుంది. "దీనికేం తక్కువ పాపా? వేరే ఇళ్లల్లో అయితే ఈపాటికి పుట్టింటికి తోలేసుండేవాళ్లు. మావోడు ఇంకో పెళ్లి మాటే ఎత్తలేదు. అది కూడా ఉండాదా నీ ఫోన్లో? రాసుకో."

అశ్విత తర్వాతి ప్రశ్న దగ్గర ఆగింది. గొంతు తగ్గించింది. "భార్యాభర్తల మధ్య… ఆ విషయంలో తృప్తిగా ఉన్నారా అని ఉంటుంది మేడం. చెప్పాలనుంటేనే చెప్పండి."

సీతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ప్రసన్నకుమార్ ఇబ్బందిగా నవ్వాడు. "ఆమెకు ఆ యావ లేదమ్మా. మూడేసుకో."

మూడు! ప్రమీలారాణి మొగుడి వీపు వంక చూసింది. బియ్యం కొలిచేవాడు ఎంతున్నావని బియ్యాన్ని అడగడు. ఈయన తన కోరికను తన ముందరే చేత్తో ఎత్తి చూసి, ఇంత ఉంటుందిలే అని అంచనా కట్టి చెప్పేశాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన ఆ గదిలో పడుకోవడం మానేశాడు. ఒక రాత్రన్నా వచ్చి చేయి పట్టుకుంటాడేమోనని ఆమె చాలాకాలం కాచుకుని ఉంది. కాళ్లకు తెలియకపోతే చేతులకు తెలియదా? మెడకు తెలియదా? మాటకు తెలియదా? యావ లేదట.

"సార్, మీరూ అమ్మగారూ కొంచెం బయటికి పోవాల" అంది అశ్విత. మొహం ఎర్రబడినా గొంతు గట్టిగానే ఉంది. "ఈ ప్రశ్నలు ఆమెను ఒంటరిగా అడగాలని మా కాలేజీ రూలు. లేకపోతే ఇదంతా చెల్లదు."

రూలు అనేసరికి ప్రసన్నకుమార్ లేచాడు. అంగడి మనిషికి రూలంటే భయం. "తొందరగా కానీ. నాలుక్కల్లా అంగడి తెరవాల" అంటూ తల్లిని తీసుకుని ముందువైపుకు పోయాడు.

అశ్విత కుర్చీని మంచం దగ్గరకు జరుపుకుంది.

"ఆ ప్రశ్న వదిలెయ్యి పాపా, తర్వాత చెప్తా" అంది ప్రమీలారాణి. "ఆయన చెప్పిందంతా తీసెయ్యి. మొదట్నుంచి అడుగు."

"అట్టనేనక్కా." మేడం ఎప్పుడు అక్క అయిందో ఇద్దరూ గమనించలేదు. "దెబ్బ ఎట్టా తగిలింది?"

"గోడౌన్లో పైకి పేర్చిన బస్తాల నిట్టు మీంచి పడినా. ఆ పొద్దు హమాలీలు రాలేదు. గిరాకీ వాళ్లు నిలబడుండారు. నువ్వు తేలిగ్గా ఉంటావు, ఎక్కి పై బస్తా లాగు రాణీ అన్నాడు. లాగినా. నిట్టంతా జారి మీదికొచ్చింది. అంబులెన్సు ఇంకా రాకముందే మా అత్త బాత్రూం మాట అనేసింది. ఆడమనిషిని బస్తాలెక్కించినారని బయట తెలిస్తే పరువు పోతాదంట. నడుం పోయిన దానికేం అనలేదు."

"పని చేస్తారా?"

"పొద్దున అంగడి తెరిచినకాణ్ణుంచి రాత్రి మూసేదాకా గల్లా నాదే. ఎవరి బాకీ ఎంతో నాకు నోటికుంటాది. అది పని కాదా నీ ఫోన్లో?"

"పనేనక్కా."

ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. నీళ్ల సంగతి చెప్పింది. మాధవ్ చేతుల సంగతి, లక్ష్మి దొర్లిపోతుందన్న సంగతి చెప్పింది. అశ్విత వేలు ఫోను మీద ఆగిపోయింది.

"నిన్న సీతారామపురం అవతల ఒకాయన్ని చూసినా అక్కా. బోరుబండి దగ్గర పనిచేస్తా పడినాడు. కొట్టంలో పడుకోబెట్టుండారు. ఆయన అన్నిటికీ ఒకటే చెప్పినాడు. పొద్దున మిమ్మల్ని గద్దె మీద చూసి, ఇంత బాగుండే అంగట్లో పేషంటామె అయిదులే చెప్తాదిలే అనుకున్నా."

"ఒకటి కింద ఏమీ లేదా?"

"లేదక్కా."

"అయితే నాకూ ఒకట్లే వెయ్యి. చేతులకు విడిగా అడగరా?"

"చేతులకా? మీ రోజువారీ పనులకు సరిపడా శక్తి ఉందా అని ఉంది."

ప్రమీలారాణి రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. మంచం పట్టెలు పట్టుకుని ఒంటిని లేపీ లేపీ అరచేతుల అంచుల్లో కాయలు కాసి ఉన్నాయి. "దానికి అయిదెయ్యి" అంది. "అందరూ ఎత్తుతుండారు గానీ, ఎత్తే బలం నాకే ఉండాది."

ముందువైపు నుంచి కేక వినిపించింది. "అయిందా? నాలుగవుతుండాది. మాధవ్, పదరా ఎత్తుదాం."

అంతవరకూ ఆమె ఏమీ నిశ్చయించుకోలేదు. ఎత్తుదాం అన్న మాట చెవిన పడ్డాకే నిశ్చయించుకుంది. ఎత్తేది బస్తాను. దించేది బస్తాను. మాట్లాడే మనిషిని రమ్మంటారు, పొమ్మంటారు. ఇన్నేళ్లూ తను బతిమాలింది, అడిగింది, ఏడ్చింది. అడిగినంత కాలం ఇవ్వడమో మానడమో వాళ్ల చేతిలోనే ఉంటుంది కదా.

"పాపా, ఆ మెట్ల కింద దుప్పటి తియ్యి."

అశ్విత కుర్చీ తీసుకొచ్చి మంచం పక్కన ఆపి బ్రేకు వేసింది. సాయానికి చేయి చాపబోయింది. ప్రమీలారాణి తల అడ్డంగా ఊపి, ఒక చేయి మంచం మీద, ఒక చేయి కుర్చీ మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒంటిని ఇటు నుంచి అటు వేసుకుంది. కాళ్లను తన చేతులతోనే ఎత్తి కుర్చీ కింది పలక మీద పెట్టుకుంది. చీర సర్దుకుంది.

వాకిట్లోకి వచ్చిన మాధవ్ ఆమెను చూసి ఆగిపోయాడు. "అన్నా…" అని వెనక్కి పిలవబోయాడు.

"నువ్వు పో మాధవ్. ఇంక నన్ను ఎత్తబాక. ఎవరు చెప్పినా ఎత్తబాక."

అతను పోయాడు, ఆ ఎత్తే పని నుంచి తప్పించుకున్నవాడిలాగా.

సందు వాకిలికి ఒక మెట్టుంది. అశ్విత కుర్చీని వెనక్కి వాల్చి మెల్లగా దించింది. అక్కణ్ణుంచి ఎవర్నీ తాకనివ్వలేదు. చక్రాల మీది దుమ్ము అరచేతులకు అంటుకుంది. సందు దాటి బజార్లోకి తిరిగేసరికి ఎండ కళ్లల్లో పడింది. ఆటోవాడు హారన్ కొట్టబోయి ఆగాడు. పక్కింటి పాత్రల అంగడి వాళ్లు చూస్తూ నిలబడ్డారు. కొందరు గుర్తుపట్టలేదు. గద్దె మీద నడుము నుంచి పైకే చూసిన మనిషి ఆమె.

తన అంగడి ముందు ఆగింది. గిరాకీ నిలబడే వైపు నుంచి ఆ అంగడిని చూసి ఎన్నేళ్లయిందో. ఏ.ఎస్.పేట దర్గాకు పోతూ ఆగిన నెల్లూరు కుటుంబం ఒకటి, ఆమెను గద్దె ఎక్కించకముందే షట్టరు తీయించి, నూనె డబ్బా బేరమాడుతోంది. గద్దె మీద గల్లాపెట్టె, దాని పక్కన మొగుడు. కింద నుంచి చూస్తే ఎంత ఎత్తుందో తెలుస్తోంది.

ప్రసన్నకుమార్ చుట్టూ చూసి, గద్దె మీంచి వంగి గుసగుసగా అన్నాడు. "ఏంది రాణీ ఇది? నలుగుర్లో… మర్యాదగా సందులోకి పద. లోపలొచ్చి ఎత్తి కూర్చోబెడతాం."

"అయ్యో అయ్యో, వీధిలోకి వచ్చేసిందిరా!" అని లోపల్నుంచి సీతమ్మ గొంతు.

దర్గాకు పోయే ముసలాయన ఒకడు జాలిగా అడిగాడు. "అయ్యో, కాళ్లకేమైందమ్మా?"

"ఈ అంగడి పని చేస్తా నడుం విరిగింది తాతా. బస్తాల మీంచి పడినా." బజారుకు వినపడేట్టు చెప్పింది.

ప్రసన్నకుమార్ మొహం పాలిపోయింది. "సరే, సరే. అయ్యిందేదో అయ్యింది. నీకేం కావాలో ఇంట్లో మాట్లాడుకుందాం. గిరాకీ నిలబడుండారు, ముందు పైకెక్కు."

ప్రమీలారాణి బ్రేకు వేసి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుంది.

"నేనెక్కేది లేదండీ" అంది. "గల్లాపెట్టెను కిందికి దించండి."